దగ్గు రాని మిరపకాయలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు మొన్న కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చారు. "మేడం, ఫీల్డుల ఎట్లుంటదో జర చెప్పుండ్రి" అన్నారు. చాయ్ పోసి చెప్పడం మొదలుపెడితే ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు, ఇంకొకామె మా బాల్కనీలో కుండీల ముందు నిలబడి ఫోటో దిగుతోంది. నాకు తిక్కరేగి ఆపేశాను. రాసి పెడితే, ఎప్పుడో బస్సు ఆలస్యమైన రోజైనా చదువుకుంటారని ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది మొక్కల శాఖలో. మామిడి తోటలు, డ్రిప్పు పైపులు, పెద్ద రైతులు, అవన్నీ మగవాళ్ళకి ఇచ్చారు. నాకు మిగిలింది పెరటి తోటల పని. ఊరూరా తిరిగి ఇంటింటికీ విత్తనాల పొట్లాలు పంచడం, మొలిచాయా లేదా అని చూడడం, మొలవకపోతే తిట్లు తినడం. ఖానాపూర్ చుట్టుపక్కల ఊళ్ళలో నన్ను 'ఇత్తునాల మేడం' అనేవారు. నా అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. పదవీ విరమణ సభలో బ్యానర్ మీద కూడా దాన్ని తప్పే రాశారు.

ప్రమోషన్లు, మెమోల సంగతి నేను రాయను. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకటే. ఒక ఊళ్ళో మిరపకాయ ఏం చేసిందో రాస్తాను. ఊరి పేరు మాత్రం చెప్పను, వాళ్ళతో నాకు ఇంకా రాకపోకలున్నాయి.

గింజ సంగతి

ముందు పని మాట. మిరప గింజను చూసి చాలామంది మోసపోతారు. ఇంతే కదా, చల్లితే మొలుస్తుందని పెరట్లో చల్లుతారు. చీమలు మోసుకుపోతాయి. మిగిలినవాటి మీద బిందె ఎత్తి నీళ్ళు పోస్తారు, గింజ లోపలికి దిగిపోతుంది. వారం చూసి, "గీ మేడం ఇచ్చినయి పుచ్చు ఇత్తులు" అంటారు.

మిరప గింజకు వెచ్చదనం కావాలి. రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, వెచ్చగా ఉన్నచోట పెట్టాలి. మా ఆదిలాబాద్ వైపు చలికాలంలో ఇది మరీ ముఖ్యం. తెల్లటి ముక్కు పొడుచుకొచ్చాక ఇసుక, మాగిన ఎరువు కలిపిన ఎత్తుమడిలో సాలుగా వేసి, పైన పలచగా గడ్డి కప్పి, నీళ్ళు చిలకరించాలి. పోయకూడదు, చిలకరించాలి. ఎక్కువైతే నారు మొదలు కుళ్ళి పడిపోతుంది. నారు జానెడు పెరిగాక పీకి వేరే చోట నాటాలి. ఇంతే చదువు. దీన్ని చెప్పడానికి నాకు ఉద్యోగం మొత్తం పట్టింది, ఎందుకంటే ఎవరూ వినరు.

రంగు సారు

ఆ ఏడు మాకు కొత్తగా ఒక పెద్దసారు వచ్చాడు. మంచివాడే, కానీ కడుపులో పుండు ఉండేది. పెరుగన్నం డబ్బా తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. ఏ మిరప రకం పంచాలన్నది అలాంటివాడి చేతిలో పెట్టారు.

పొట్లాల మీద బొమ్మలు చూసి ఒకటి తీశాడు. పొడుగ్గా, ముడతలు పడి, పెళ్ళికూతురి చీరలా ఎర్రగా ఉంది కాయ.

"సార్, ఇది రంగు కోసం పెంచే రకం. కారం ఉండదు" అన్నాను.

"కారం ఫోటోల కనవడ్తదా మేడం?" అన్నాడు.

పైవాళ్ళకు పోయేది ఫోటోనే. ఆ పొట్లాలే జీపులో వేసుకుని పోయి ఊరంతా పంచాను. వానాకాలం మొదట్లో నారు పోయించాను. ఆ ఏడు వాన సమంగా పడింది, ముడత తెగులు రాలేదు, చలి మొదలయ్యేసరికి ఏ పెరట్లో చూసినా ఎర్రగా వేలాడుతున్నాయి. నా ఉద్యోగంలో అంత బాగా కాసిన పంట మళ్ళీ చూడలేదు. పెద్దసారు ఫోటోలు తెప్పించుకుని మురిసిపోయాడు.

రాజవ్వ నోరు

ఆ ఊళ్ళో రాజవ్వ అని ఒకామె ఉండేది. పురిటి పిల్లలకు స్నానం పోయడం ఆమె పని. పని అంటే ఎవరో పెట్టింది కాదు, ఊళ్ళో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ఆమెను పిలిచేవారు. బండ మీద కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని, నూనె రుద్ది, నీళ్ళు పోసి, ముక్కు ఒత్తి, తల సవరించి, పొగ వేసి ఇచ్చేది. ఊళ్ళో సగం మంది ముక్కులు తాను తీర్చినవేనని చెప్పుకునేది. పోశన్న అని ఆటో నడిపేవాడొకడు ఉన్నాడు, వాడి ముక్కు మాత్రం తనది కాదని ఖరాకండిగా చెప్పేది.

రాజవ్వకు ఒకటే అలవాటు, మెచ్చుకోవడం. ఏది చూసినా మెచ్చుకుంటుంది. బర్రెను చూస్తే "అబ్బ, ఏం నిగనిగలాడుతున్నదే" అంటుంది. కొత్త బకెట్‌ను చూసినా అంతే. మిరపచెట్లు కాసినప్పుడు ఇంటింటి పెరట్లోకీ పోయి, "ఓ పిల్లా, ఏం కాసినయే, కండ్లు జాలుతలేవు" అని మెచ్చుకుని వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆమె కోడలు మమతకు ఆడపిల్ల పుట్టింది. కొడుకు గంగాధర్ మస్కట్‌లో ఉన్నాడు. తొలికాన్పుకు మమత తల్లిగారింటికి పోవాలి, కానీ వాళ్ళది రేకుల ఇల్లు, చలికి బాలింత ఉండలేదని మమత తల్లి సత్తవ్వే ఇక్కడికి వచ్చి ఉంది. అంతమంది పిల్లలకు నీళ్ళు పోసిన రాజవ్వకు సొంత మనవరాలు ఇదే మొదలు. నేను పోయినప్పుడు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి చూపించింది. "మేడం, గీ నుదురు జూడుండ్రి, గీ చేతి ఏళ్ళు జూడుండ్రి" అని మురిసిపోయింది.

పొయ్యిలో పడ్డ కాయ

మా వైపు బిడ్డ ఊరికే ఏడిస్తే దిష్టి తీస్తారు. ఎండుమిరపకాయలు, ఉప్పు పిడికిట్లో పట్టి, బిడ్డ చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తారు. ఘాటు లేచి దగ్గు వస్తే ఏ దిష్టీ లేదని లెక్క. దగ్గు రాకపోతే దిష్టి ఉన్నట్టు.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి మాత్రం కొన్ని వారాలు పట్టింది, అప్పటికి ఊరు చేజారింది.

మనవరాలు ఏడ్చింది. సత్తవ్వ పెరట్లో కాసి ఎండిన కాయలు తెచ్చి తిప్పి పొయ్యిలో వేసింది. ఎవరూ దగ్గలేదు. ఇంకో నాలుగు వేసింది. వాటికీ అంతే. పక్కింటామె తన పిల్లాడికి తీసి చూసింది, దగ్గు లేదు. ఒకామె బర్రెకు తీసింది. పోశన్న ఆటోకు తీయించుకున్నాడు. ఎవరో బోరు మోటారుకు కూడా తిప్పి వేశారు. ఎక్కడా ఎవరికీ దగ్గు రాలేదు. ఊరు ఊరంతా, మనుషులు, పశువులు, మోటార్లు, అందరికీ దిష్టి తగిలిందని తేలింది.

ఎవరి దిష్టి అని వెతకడం మొదలైంది. ఇంటింటికీ తిరిగి మెచ్చుకున్నది ఎవరో అందరికీ తెలుసు.

నేను పోయేసరికి రాజవ్వ మంచం బర్రెల కొట్టం పక్కకు వచ్చింది. బిడ్డ ఉన్న అర్రలోకి ఆమె పోకూడదు. వాకిట్లో కూర్చుని చీర కొంగు నలుపుతోంది.

"నేనేమన్న మేడం? మంచిగున్నయన్న. మంచిగున్నదాన్ని మంచిగున్నదనుడు గూడ తప్పేనా?" అంది.

నాకు కోపం వచ్చింది. అందరినీ కూర్చోబెట్టి ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఈ రకానికి పుట్టుకతోనే కారం లేదు, ఇది రంగు రకం, తప్పు మా పెద్దసారుదని చెప్పాను. ఒక కాయ తీసి అందరి ముందూ కొరికి నమిలాను. దోసకాయలా ఉంది.

సత్తవ్వ నా వంక జాలిగా చూసింది. "కారం లేదని మాకు ఎరుకనే మేడం. కూరల పిడికెడేసినా సప్పగనే ఉంటున్నది. మిరుపకాయకు కారం ఎట్ల పోయింది మరి? మా వదినె మెచ్చుకున్నంక పోయింది."

"మొదట్నుంచీ లేదమ్మా."

"మేడంకు గూడ తాకినట్టుంది, నోటికి తెలుస్తలేదు" అన్నాడు పోశన్న.

నాకూ దిష్టి తీశారు. దగ్గు రాలేదు.

కొత్తగా చేరిన పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఊళ్ళో జనానికి లాజిక్ లేదని మనవాళ్ళు అంటుంటారు. నేను వాదించి చూశాను, వాళ్ళ లాజిక్‌లో వేలు పెట్టేంత సందు కూడా దొరకలేదు. కారం లేకపోవడమే దిష్టికి రుజువు, దిష్టి ఉండడమే కారం లేకపోవడానికి కారణం. మన ఆఫీసు రిపోర్టులు కూడా అంత గట్టిగా ఉండవు.

ఇంకోటి కూడా చెప్పాలి. అప్పటికి ఊళ్ళో నలిగింది 'దిష్టి' అన్న మాట ఒక్కటే. మా అడవి పక్క ఊళ్ళలో దీనికంటే పెద్ద మాట ఒకటుంది. అది ఎవరి నోటైనా పుడితే ఒంటరి ముసలామె బతకడం కష్టం. నాకు నవ్వు వచ్చినప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చి నవ్వు ఆగిపోయేది. నాకు భయంగా ఉండేది, అది దాచుకోవడానికే అందరి మీదా అరిచేదాన్ని.

మస్కట్ మీదుగా

బిడ్డ గోడకు ఇవతల ఏడిస్తే రాజవ్వ గోడకు అవతల లేచి కూర్చునేది. పొద్దున సత్తవ్వ నీళ్ళు పోస్తుంటే కొట్టం దగ్గర నుంచే అరిచేది.

"మెడ కింద జెయ్యి పెట్టు వదినె. సెవులల్లకు నీళ్ళు పోనియ్యకు."

"నాకు ఎరుకలేదా, నేను కన్నదాన్ని కాదా" అని లోపలి నుంచి సత్తవ్వ.

సత్తవ్వ చెడ్డది కాదు. బిడ్డకు ఏమైనా అయితే అల్లుడికి ఏం జవాబు చెప్పాలన్నదే ఆమె భయం. మమత మధ్యలో నలిగిపోయేది. అత్త మీద ప్రేమ ఉంది, తల్లికి ఎదురు చెప్పే నోరు లేదు.

గంగాధర్ మస్కట్ నుంచి ఒక ఉపాయం కనిపెట్టాడు. మమత ఫోన్‌కు ఒకటి, తన తల్లి రాజవ్వ ఫోన్‌కు ఒకటి, రెండూ కలిపి వీడియో కాల్ చేశాడు. అర్రలో ఉన్న బిడ్డ మొహం సముద్రం దాటి మస్కట్ పోయి, అక్కడి నుంచి తిరిగి అదే ఇంటి కొట్టం దగ్గరికి వచ్చేది. మధ్యలో ఉన్నది ఒక మట్టిగోడ.

"అవ్వా, ఫికర్ జెయ్యకు. కొన్నొద్దులు గిట్ల జూడు" అన్నాడు వాడు.

రాజవ్వ ఫోన్‌ను కళ్ళకు ఆనించుకుని చూసుకుంది. ఆ సాయంత్రం బిడ్డ ఏడ్చింది. మళ్ళీ మిరపకాయలు, మళ్ళీ దగ్గు లేదు. ఫోన్‌లో నుంచి దిష్టి పోతుందా అని ఊళ్ళో పెద్ద చర్చ జరిగింది.

"బొమ్మ వోతున్నది, మాట వోతున్నది, దిష్టి ఎందుకు పోదు? నెట్ ఉంటే అన్ని పోతయ్" అన్నాడు పోశన్న.

"అయితే సిగ్నల్ తక్కువున్నకాడ మాట్లాడితే తక్కువ పోతది" అంది సత్తవ్వ. ఆమె దానికి ఒప్పుకోవడమే గొప్ప.

ఊళ్ళో సిగ్నల్ సరిగా అందని చోటు వాగు గడ్డ వెనక ఉంది. రాజవ్వ రోజూ ఫోన్ పట్టుకుని అక్కడికి నడిచి పోయేది. మనవరాలి మొహం సగం వచ్చి ఆగిపోయేది. ఒకరోజు నేను చూస్తుండగా ఒక చెవి, సగం నుదురు వచ్చి ఆగాయి. ఆమె ఆ చెవిని చూస్తూ అలాగే కూర్చుంది. బ్యాటరీ అయిపోయేదాకా లేవలేదు. నేను పక్కకు తిరిగి ఏడ్చాను.

పెద్దసారుకు తగిలింది

పెరట్లు చూస్తానని పెద్దసారు ఊరికి వచ్చాడు. వాడకం ఎలా ఉందని అడిగితే, ప్రతి ఇంట్లో పూటపూటకూ వాడుతున్నారని చెప్పాను. అది నిజమే. దిష్టి తీయడానికి మొదట రెండు కాయలు చాలేవి. దగ్గు రాదని నాలుగైదు వేశారు, తర్వాత చేరెడు, ఇప్పుడు దోసిలి నిండా వేస్తున్నారు.

తెల్లచొక్కా వేసుకుని కొత్తగా వచ్చిన పెద్దమనిషి, ఆయనకూ తీశారు. దోసిలి కాయలు భగ్గుమన్నాయి, ఆయన తుమ్మను కూడా తుమ్మలేదు.

"సారుకు ఊరందరికంటె ఎక్కువున్నది" అన్నారు ఆడవాళ్ళు.

ఆయన మొహం మాడిపోయింది. జీపు ఎక్కాక మెల్లగా అడిగాడు. "మేడం, నాకు ఎవరి దిష్టి తగిలింటది?"

"సార్, ఆ మిరపకాయకు కారం లేదు. మీరే ఎంచిన రకం."

"అది సరేగని, ఎవరిదైయుంటది?"

అప్పటి నుంచి ఆఫీసులో ఆయన గదిలో రోజూ పొద్దున అటెండర్ దిష్టి తీసేవాడు, మా కాయలతోనే. పీజీ చదివినాయన. రాజవ్వ ఊరివాళ్ళను మాత్రం నేను మూఢులంటానా? అనను.

ఆయనకు తగిలిన ఈ దిష్టే నాకు అక్కరకొచ్చింది.

మెచ్చుకున్న మడి

సత్తవ్వ దగ్గర కూర్చుని అడిగాను. ఘాటైన మిరపకాయ తెచ్చి తిప్పి వేస్తే దగ్గు వస్తుంది కదా, అప్పుడు దిష్టి లేనట్టే కదా అని. ఆమె ఒప్పుకోలేదు. "కొన్న కాయతోని తీస్తే అమ్మినోళ్ళ దిష్టి పోతది. మన పెరట్ల కాసిందే గావాలె" అంది. అలాంటి నియమం ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆమెకూ అప్పుడే తెలిసిందేమోనని నా అనుమానం.

అయితే పెరట్లోనే పెంచుదాం అన్నాను. రాజవ్వ పెరట్లో రెండు మళ్ళు వేద్దాం. నేల ఒకటే, గింజ ఒకటే, నీళ్ళు ఒకటే. ఒక మడిని రాజవ్వ రోజూ మెచ్చుకోవాలి, రెండోదాన్ని ఎవరూ మెచ్చుకోకూడదు. మెచ్చుకున్న మడిలో కాయకు కారం దిగిపోతే మీ మాట నిజం. కారం నిలిస్తే బిడ్డను ఆమె చేతికి ఇవ్వాలి.

ఊరు ఆలోచించింది. పోశన్నే ముందు ఒప్పుకున్నాడు, రెండు దిక్కులకు సమానంగ లెక్క ఉన్నదని. సత్తవ్వ కూడా "సరే, బిడ్డ మీద ఒట్టు" అంది.

పెద్దసారు దగ్గరికి పోయి చెబితే కుర్చీలో ముందుకు వంగాడు. నా ఉద్యోగంలో నా మాట ఆయన అంత శ్రద్ధగా విన్నది అదొక్కసారే. "మెచ్చుకునుడు ఎంత డోసు మేడం?" అని అడిగాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అని పురుగుమందుకు చెప్పినట్టు చెప్పాను.

గింజ ఆసిఫాబాద్ వైపు ఒక ఇంటి నుంచి తెచ్చాను. పొట్టి కాయ, కొస సూదిలా ఉంటుంది. దాన్ని కోసిన చెయ్యి కంటికి తగిలితే ఆ పూటకు పని బంద్. పుష్యమాసపు చలి, గింజ ఊరికే మొలవదు. నానబెట్టి మూటకట్టి రాజవ్వకు ఇచ్చి, పొయ్యి పక్కన పెట్టమన్నాను. ఆమె పొయ్యి పక్కన పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని, పైన శాలువా కప్పుకుని కూర్చుంది. ముట్టుకుని చూసుకునేది, గుడ్డ ఆరితే వెచ్చటి నీళ్ళు చిలకరించేది. ఒళ్ళో బిడ్డ ఉండాల్సిన చోట గింజల మూట పెట్టుకున్న మనిషిని చూసి నేనేం సలహా ఇస్తాను? గింజ మాత్రం నేను అనుకున్నదానికంటే ముందే ముక్కు పొడిచింది.

నారు వచ్చింది, నాటాం. అప్పుడొచ్చింది అసలు చిక్కు. రాజవ్వ నోరు పెగలదు. ఇన్నాళ్ళ దెబ్బకు మెచ్చుకోవడమే మానేసింది. మడి ముందు నిలబెట్టి "మెచ్చుకో అవ్వా" అంటే వెనక్కి జరిగింది.

"నా వల్ల గాదు మేడం. ఇవ్వి గూడ సప్పగైతె నేనేం గావాలె?"

"నువ్వు మెచ్చుకోకపోతే పరీక్షే లేదు."

"...మంచిగనే ఉన్నయ్" అంది గొణుగుతూ.

"అది చాలదు, ఇంకా గట్టిగ" అన్నాడు వెనక నుంచి పోశన్న. డోసు సరిగ్గా పడుతోందా అని చూసే పని వాడు తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు.

రోజులు గడిచేకొద్దీ ఆమెకు పాత గొంతు వచ్చింది. పూత పట్టినప్పుడు "అబ్బ, ముక్కుపుల్లలు వెట్టుకున్నట్టున్నరే" అంది చెట్లతో. మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ ఆకు తిప్పి పురుగు ఏరేది, కలుపు తీసేది. అందుకని ఆ మడి రెండోదానికంటే బలంగా పెరిగింది. దీన్ని సైన్సు అనరని నాకు తెలుసు. రెండో మడి పక్క నుంచి పోయేటప్పుడు కొంగు మొహానికి కప్పుకునేది. పొరుగూరి చుట్టం ఎవరో వచ్చి తెలియక దాన్ని చూసి "మస్తున్నయ్" అన్నాడు. అతన్ని నిలబెట్టి, "అంత మంచిగ ఏం లేవు" అనిపించి పంపారు.

కాయ దిగాక నీళ్ళు తగ్గించమన్నాను. నీరు తక్కువైన మిరపకు ఘాటు పెరుగుతుంది. రెండు మళ్ళకూ తగ్గించాం, మోసం లేదు. ఈలోగా బిడ్డ బోర్లా పడింది, పాకింది. ఆ సంగతులన్నీ రాజవ్వకు గోడ అవతల నుంచి వినబడేవి. "కాళ్ళ మీద ఏసుకునే ఈడు దాటిపోతున్నది మేడం" అని ఒకసారి అంది. చెట్లను ముందుకు తోయడం నా చేతుల్లో లేదు.

ఆ పొద్దు

కాయలు పండి, ఎండకు గలగలమన్నాయి. ఎండలు ముదిరిన ఒక పొద్దున ఊరంతా రాజవ్వ వాకిట్లో చేరింది. పెద్దసారు కూడా వచ్చి ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు. బిడ్డను దూరంగా ఉంచమని నేను చెప్పాను. దిష్టి బిడ్డదైనప్పుడు బిడ్డ లేకుండా ఎట్లా అన్నారు. ఇక్కడ మీకు గట్టిగా చెబుతున్నాను, మీరు ఒప్పుకోకండి. మమత బిడ్డను ఎత్తుకుని వాకిట్లో పెట్టిన కుంపటికి కాస్త వెనక నిలబడింది. రాజవ్వను మాత్రం అందరికంటే దూరంగా, పడమటి పక్క కొట్టం దగ్గర కూర్చోబెట్టారు.

మెచ్చుకున్న మడిలో కాయలే ముందు అన్నారు. సత్తవ్వ దోసిలి నిండా తీసుకుంది.

"సత్తవ్వా, రెండు చాలు" అన్నాను.

ఆమెకు వినబడలేదు. ఇన్ని నెలలుగా దోసిళ్ళు వేసి వేసి ఆ చేతికి అదే అలవాటైంది. బిడ్డ చుట్టూ తిప్పి, దోసిలి మొత్తం నిప్పుల్లో వేసింది.

ఒక నిమిషం ఏమీ కాలేదు. సత్తవ్వ మొహం వాడిపోవడం చూశాను. అప్పుడు గాలి ఒక్కసారి తిరిగి పడమటి నుంచి కొట్టింది.

మొదట పెద్దసారు లేచాడు. కుర్చీ పడిపోయింది. తర్వాత ఎవరు ఎటు పోయారో నాకు తెలియదు, నా కళ్ళు మూతపడ్డాయి. గొంతులో ఎవరో సున్నం రాసినట్టుంది. దగ్గు తప్ప ఇంకో చప్పుడు లేదు. కుక్కలు కూడా దగ్గాయి. ఆ దగ్గులోనే పోశన్న "లేదురో, దిష్టి లేదు" అని అరుస్తున్నాడు. పెద్దసారు "నాకు గూడ లేదు మేడం" అంటున్నాడు. పుండు వచ్చాక మొదటిసారి కారం ఘాటు తగిలిన మనిషి, ఏడుస్తూ నవ్వుతున్నాడు.

మమత గొంతు వినిపించింది. "నాకు కండ్లు అవుపడ్తలేవు, బిడ్డనెవలన్న పట్టుకోండ్రి."

పట్టుకోవడానికి కళ్ళు తెరిచి ఉన్నవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. గాలి వచ్చే పక్కన, అందరికంటే దూరంగా కూర్చోబెట్టిన మనిషి ఒక్కతే చూడగలుగుతోంది. ఆమె పరుగెత్తుకుంటూ రావడం నేను చూడలేదు, చప్పుడు విన్నాను. ఈ వయసులో ఆమె అలా పరుగెత్తగలదని నేను అనుకోలేదు.

నేను కొంగుతో కళ్ళు తుడుచుకుని చూసేసరికి రాజవ్వ కొట్టం పక్క బండ మీద కూర్చుని ఉంది. కాళ్ళు చాపింది. బిడ్డ ఆమె కాళ్ళ మీద ఉంది. తుమ్ముతోంది, ఏడవడం లేదు, కొత్త మొహాన్ని తేరిపార చూస్తోంది.

"పొగ తాకింది. జల్ది నీళ్ళు తెండ్రి, గోరెచ్చగ" అంది రాజవ్వ. అడగలేదు, ఇంటింటా పురిటి గదుల్లో చెప్పినట్టే చెప్పింది.

ఎవరూ కాదనలేదు. దగ్గుతూ, తడుముకుంటూ బకెట్ మోసుకొచ్చింది సత్తవ్వే. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. బకెట్ దించి, చెంబు ముంచి రాజవ్వ చేతికి ఇచ్చి, పక్కనే గొంతుకూర్చుంది. రాజవ్వ ముందు కళ్ళు కడిగింది, మెడ కింద చెయ్యి పెట్టి తల మీద నీళ్ళు పోసింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి బిడ్డ ముక్కు మీద పెట్టి ఆగింది.

"ముక్కు ఒత్తనే లేరు వదినె" అంది. "ఇన్నొద్దులు గట్లనే ఇడిసివెట్టిండ్రు."

సత్తవ్వ దగ్గు ఆపుకుని, వంగి బిడ్డ ముక్కును తన వేలితో ముట్టి చూసింది.

"నువ్వొత్తు వదినె" అంది. "ఇంక లేతగనే ఉన్నది."